పులిహోర మీదెందుకండీ కోపం?

ఇక్కడ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని లోపెజ్ దీవిలో పిక్నిక్ అయిన వారానికి మన తెలుగు సంఘం కార్యవర్గం పంపిన సర్క్యులర్ అందరూ చదివే ఉంటారు. వచ్చే ఏడాది నుంచి ఫెర్రీలో, అదే దీవికి మనల్నీ కార్లనీ మోసుకెళ్ళే పెద్ద పడవలో, ఇంటి వంటలు తెరవకూడదట. కారణం రాయలేదు. గ్రూపులో మాత్రం "నలుగురిలో పరువు పోయింది" అని ఒకరు, "వాసనకి తెల్లవాళ్ళు లేచి వెళ్ళిపోయారు" అని ఇంకొకరు, దాని కింద వరసగా దండాల బొమ్మలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ బల్ల పక్కనే ఉన్నాను నేను, జరిగింది అది కాదు.

మన వాషింగ్టన్ ఫెర్రీల్లో బల్లల మీద జిగ్సా పజిల్స్ పెట్టి ఉంటాయి కదా. ఎవరో మొదలుపెట్టి తమ రేవులో దిగిపోతారు, తర్వాత ఎక్కినవాళ్ళు ఇంకో నాలుగు ముక్కలు కలుపుతారు, అది ఎవరి సొంతమూ కాదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర ఒక పెద్దావిడ, పక్కన మనవడు కాబోలు ఒక పిల్లాడు. లైట్‌హౌస్ బొమ్మ. అంచులన్నీ అయిపోయాయి, ఆకాశం మిగిలింది, నీలం ముక్కలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూస్తున్నారు ఇద్దరూ. మనవాళ్ళు రెండు అల్యూమినియం ట్రేలతో వచ్చి "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నారు, జవాబు రాకముందే ముక్కలన్నీ మోచేత్తో అట్టపెట్టెలోకి తోసేశారు. ట్రేలు దిగాయి, పులిహోర మీద రేకు లేచింది, ఇంగువ ఘుమఘుమ, ఎవరో మజ్జిగ మిరపకాయల డబ్బా మూత తీశారు. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో మిగిలిన ముక్కని పెట్టెలో వేసి, పిల్లాడి జాకెట్ జిప్పు పైకి లాగి, అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. వాసనకి లేచింది కాదండీ.

నేను గోదారి మనిషిని. నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి అంతర్వేది కల్యాణానికి వెళ్ళినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. అక్కడ ఒకరు డబ్బా తెరిస్తే పక్కవాళ్ళకి పెట్టకుండా తినరు, వద్దన్నా ఊరుకోరు, ముక్కూ మొహం తెలియని పిల్లల చేతుల్లో కూడా అరిసె ముక్క పెడతారు. అదే పంటు మీద, ఒడ్డుకి ఇంకా ఆనకముందే బండి స్టార్ట్ చేసి ముందువాళ్ళ కాళ్ళ మీదకి తోలేదీ మనవాళ్ళే, తిన్న ఆకు గోదాట్లోకి గిరాటేసేదీ మనవాళ్ళే. మన కార్యవర్గం ఆ పెట్టుపోతల్ని నిషేధించింది, తోసుకురావడం మీద ఒక్క ముక్కా రాయలేదు.

మనం ఫెర్రీ ఎక్కే అనకార్టెస్ రేవుకి ఆలస్యంగా వచ్చి, "మావాళ్ళు ముందున్నారు" అంటూ వరసలో దూరబోయినవాళ్ళు మనలోనే ఉన్నారు. ఫెర్రీ వరసలో అలా దూరితే ఈ రాష్ట్రంలో చట్టప్రకారం ఫైను వేసి, మళ్ళీ చివరికి పంపిస్తారు. ఇంకో సంగతి, ఆ దీవులకి వంతెన లేదు. ఆసుపత్రికైనా పెళ్ళికైనా అక్కడివాళ్ళకీ అదే ఫెర్రీ. వేసవి శనివారం పూట మనం కారుకి ఇద్దరు చొప్పున డెక్కంతా నింపేస్తే వాళ్ళు రేవులో నిలబడి చూడాలి.

కార్యవర్గం బాధ నాకు తెలియక కాదు. ఫిర్యాదు ఫోన్లు వాళ్ళకే వస్తాయి, ఆ సర్క్యులర్ రాసినవాళ్ళే ఆఖరున పార్కులో చెత్త సంచులు మోశారు. కానీ షుగరున్న పెద్దవాళ్ళు తెల్లవారుజామున లేచి కారెక్కారు, వాళ్ళకి వేళకి ఏదో ఒకటి పెట్టాలి కదా. సొంత తిండి తినడానికి ఫెర్రీవాళ్ళకే అభ్యంతరం లేనప్పుడు మనకేమిటి?

లోపెజ్‌లో దిగాక ఎదురొచ్చే ప్రతి కారువాళ్ళూ స్టీరింగ్ మీద నుంచే రెండు వేళ్ళెత్తి పలకరించడం చూశారుగా, అక్కడి ఆనవాయితీ అది. మా కారులో ఉన్న అత్తయ్యగారు ఒక్కరినీ వదలకుండా అందరికీ తిరిగి దణ్ణం పెట్టారు. ఆవిణ్ణి చూసి పరువు పోయిందని ఎవరైనా అంటారా?

అందుకని, అధ్యక్షులుగారూ, ఆ నిబంధన తీసేయండి. మనం పిక్నిక్ చేసుకునే ఒడ్లిన్ పార్కు ఫెర్రీ దిగిన చోటికి మైలు పైచిలుకే. గిన్నెలకీ పెద్దవాళ్ళకీ రెండు మూడు కార్లు చాలు, మిగతావాళ్ళం బండ్లు అనకార్టెస్‌లోనే పెట్టేసి నడిచి ఎక్కుదాం, అలా ఎక్కేవాళ్ళకి కార్లకున్న రిజర్వేషన్ గొడవే లేదు. (తిరుగు ప్రయాణానికి టికెట్టు కొనక్కర్లేదని తెలిసినప్పుడు మనవాళ్ళ సంబరం చూడాలి!) ఖాళీ బల్ల దొరక్కపోతే ట్రేలు ఒళ్ళో పెట్టుకుందాం. పక్కవాళ్ళని అడిగి ఒక ప్లేటు పెడదాం, వద్దంటే ఊరుకుందాం. వేసవి సీజనుకి కార్ల చోట్లు కొన్ని రెండు నెలల ముందే వదులుతారు, కాబట్టి ఈ సంగతి ఉగాది సభలోనే తేల్చండి, వందన సమర్పణకి ముందు, జనం భోజనాలకి లేవకముందు.