మా ఇంట్లో 1500 ఆర్

విజయనగరంలో గంటస్తంభానికి కూతవేటు దూరంలో కాపురముండే మనిషికి 34 అంగుళాల వంపు మానిటర్ ఎందుకని అడిగేవాళ్లు అభివృద్ధి నిరోధకులు. వాళ్లకు జవాబు చెప్పాల్సిన పని నాకు లేదు. కాకపోతే వాళ్లలో ఒకరు మా అమ్మ, ఒకరు మా నాన్న, మూడోవారు మా మామ్మ. అందుకే ఈ వివరణ.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తున్నాను. ఇది ఆటల కోసం కొన్నది కాదు. ఆఫీసు పని కోసం కొన్నది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను. మామూలు మానిటర్‌లో ఎక్సెల్ తెరిస్తే ముప్ఫై కాలమ్స్ లోపే కనపడతాయి. దీంట్లో యాభై దాకా పరుచుకుంటాయి. నా షీట్లలో ఉండేవి పన్నెండే, నిజమే. మిగతా ముప్ఫై ఎనిమిదీ ఖాళీగా పడుంటాయి. పడుండనీ, ఇంట్లో పెరడు ఉన్నంత మాత్రాన అంతా వంకాయ మొక్కలే వేస్తామా? రాత్రి పది దాటాక అదే తెర మీద కార్లు పరిగెడుతున్నాయని ఇంట్లోవాళ్లు చేస్తున్న ఆరోపణను ఖండిస్తున్నాను. అది కళ్లకు వ్యాయామం.

ఎంపికకు మూడు నెలలు పట్టింది. మా చెల్లెలి సంబంధం ఆరు వారాల్లో తేలిపోయింది. అయితే పెళ్లికొడుకుల్లో పానెల్ రకాలు, అంటే తెర తయారీలో తేడాలు, ఉండవు కదా. మానిటర్లలో వీఏ ఉంది: నలుపు కాటుకలా ఉంటుంది, కానీ చీకటి సీన్లో ఏదైనా వేగంగా కదిలితే వెనకాల మసిగుడ్డతో తుడిచినట్టు చార పడుతుంది. ఐపీఎస్ ఉంది: ఏ పక్క నుంచి చూసినా రంగు మారదు, కానీ దీపం ఆర్పితే మూలల్లో తెల్లటి వెలుగు పొగమంచులా కమ్ముకుంటుంది. ఓలెడ్‌కు ఈ రెండు దోషాలూ లేవు. అయితే రోజంతా కదలని టాస్క్‌బార్ దాని మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదముంది. పైగా ధర విన్నాక ఆ సంబంధం మనకు తూగదని తేలిపోయింది. వీఏకి తాంబూలాలు ఇచ్చుకున్నాం.

ఇక మిగిలింది వంపు. డబ్బాల మీద 1000 ఆర్, 1500 ఆర్ అని రాసుంది. ఆర్ అంటే ఏమిటని దుకాణంలో కుర్రాణ్ని అడిగాను. "ఎంత పెద్ద నంబరైతే అంత ఎక్కువ వంపు సార్" అన్నాడు. ఎంత ధైర్యంగా చెప్పాడంటే నేను మళ్లీ అడగలేదు. 1500 తీసుకున్నాను. ఎక్కువది చేతికి అందుతుంటే తక్కువది తెచ్చుకునే అమాయకుణ్ని కాదు.

ఇంటికి తెచ్చి విప్పగానే మామ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా, ఒంగిపోయినదాన్ని అంటగట్టీసినాడేట్రా బాబూ! చూసుకొని తెచ్చుకోవద్దేటి?" వంగి ఉంటేనే ధర ఎక్కువని చెప్పాను. అప్పట్నుంచి ఆవిడ నన్ను చూసే చూపు మారింది.

అసలు దెబ్బ నాన్న దగ్గర తగిలింది. ఆయన ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. డబ్బాను అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు పైకి జరిపి, "ఆర్ అంటే వ్యాసార్ధం కదరా. మిల్లీమీటర్లలోనా?" అన్నారు. అవునన్నాను. "మరి వ్యాసార్ధం పెరిగితే వంపు తగ్గాలి గదా. నీకు ఏడో తరగతిలో నేనే చెప్పాను."

నాకు గుర్తులేదన్నట్టు ముఖం పెట్టాను. ఆయన ఊరుకోలేదు. పురికొస ముక్క, సుద్దముక్క, ఒక మేకు తెప్పించారు. వసారాలో గచ్చు పగిలిన చోట మేకు దిగ్గొట్టి, దానికి పురికొస కట్టి, టేపుతో సరిగ్గా మీటరున్నర కొలిచి, రెండో కొసకు సుద్ద బిగించారు. మోకాళ్ల నొప్పులని వారం నుంచి మార్కెట్‌కు వెళ్లని మనిషి, మోకాళ్ల మీద పాక్కుంటూ చాపం గీశారు. మానిటర్ వెడల్పు 80 సెంటీమీటర్లని కొలిచి, చాపం మీద ఆ మేరకు రెండు గాట్లు పెట్టారు. "ఇదీ నీ తెర. మేకున్న చోట నీ తల."

ఈ కొలతను నా గదిలోకి పట్టుకెళ్తే, నా తల ఉండాల్సిన చోటు బీరువా లోపల, మూడో అరలో, అమ్మ పట్టుచీరల మధ్య పడింది.

అంత దూరం కూర్చోనక్కర్లేదు, దగ్గరగా జరిగినా ఏం కాదు, అందరూ అలాగే కూర్చుంటారని వాదించాను. అది నిజం కూడా. నాన్న సుద్ద చేతులు దులుపుకుంటూ, "అలాగైతే ఆ నంబరు చూసి ఎందుకు కొన్నావు?" అన్నారు. లెక్కల మాస్టార్లతో ఇదే ఇబ్బంది. తర్వాత టేపు ఆయన చేతిలోనే ఉండిపోవడం వల్ల ఇంకో సంగతి కూడా బయటపడింది: 34 అంగుళాలని నేను ఊరంతా చెప్పుకుంటున్న దీని ఎత్తు, మామూలు 27 అంగుళాల మానిటర్ ఎత్తే. పెరిగిందంతా పక్కలకే. నలభై దాటిన మగవాడి శరీరంలాగా.

పక్కలకు పెరిగితే బల్ల సరిపోలేదు. కొత్త బల్ల వచ్చింది. దాని సంగతి ఇక్కడ అప్రస్తుతం. గుర్రాన్ని కొన్నవాడు జీను కొనడా? అసలు జీను గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ గీసిపెట్టే భాగం. పాత తెర మీద చుక్కలు 1920 ఇంటూ 1080, అంటే 20 లక్షల 73 వేల 600. కొత్తదాని మీద 3440 ఇంటూ 1440, అంటే 49 లక్షల 53 వేల 600. ఇన్ని చుక్కల్నీ సెకనుకు పదుల సార్లు కొత్తగా నింపాలంటే మా పాత కార్డు ఆయాసపడింది. పెళ్లి భోజనానికి నలభై మందిని పిలిస్తే వంద మంది దిగినట్టు. ఎక్సెల్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అయినా కొత్త కార్డు ఆఫీసు పనికేనని అమ్మకు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. చింతపండు పిసుకుతూ నవ్వింది.

కుటుంబానికి కూడా ఉపయోగపడుతుందని నిరూపించే ఉద్దేశంతో ఒక ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి సినిమా వేశాను. 3440ని 1440తో భాగిస్తే 2.39 వస్తుంది. స్కోప్ సినిమా, అంటే థియేటర్లో వేసే వెడల్పాటి బొమ్మ, నిష్పత్తి కూడా అంతే. తెర అంచు నుంచి అంచుకు నిండిపోవాలి. కానీ నేను పెట్టిన వీడియోలో పైనా కిందా నల్ల పట్టీలు ముందే అతికి ఉన్నాయి. వాటికి తోడు కుడీ ఎడమా ఇంకో రెండు. నాలుగు వైపులా నల్లంచుతో పెద్దకర్మ కార్డులా కనపడింది. మామ్మ సీరియల్ పెట్టమంది. దాని బొమ్మ అంత వెడల్పు కాదు కాబట్టి, పెడితే పక్కకు 440 చొప్పున చుక్కలు ఆరిపోయాయి. "పక్కలు కాలిపోయినాయేట్రా?" అంది. పైగా తెర వంగింది ఒక్క తలకాయ కోసం. నేను నడిమధ్యన కూర్చుంటే నాకు బ్రహ్మాండం. గుమ్మం దగ్గర పీట వేసుకున్న అమ్మకు, వీఏ తెరను పక్క నుంచి చూడటం వల్ల, హీరో ముఖం వెలిసిపోయి కనపడింది. మన ఊళ్లో పైడితల్లి జాతరలో ఊరేగించే పొడవాటి సిరిమాను చివర కూర్చున్న పూజారి మూడు లాంతర్ల దగ్గరున్నవాడికీ, కోట దగ్గరున్నవాడికీ, ఎవరి మేడో ఎక్కినవాడికీ ఒకేలా కనపడతాడు. ఆ మానుకు ఆర్ ఎంతో ఎవరూ అడగరు.

ఇన్ని అవమానాల మధ్య నన్ను నిలబెట్టింది ఒకే ఒక్క అంకె: 144 హెర్ట్జ్. సెకనుకు 144 సార్లు తెర మారుతుంది. మౌస్ కదిపితే వెన్న మీద వేలు జారినట్టు ఉందని రెండు నెలలుగా వీధిలో అందరికీ చెప్పాను. 60 హెర్ట్జ్ మానిటర్ చూస్తుంటే తల తిరుగుతోందని ఆఫీసులో మా టీమ్ లీడర్‌తో కూడా అన్నాను.

మొన్న మా అక్క కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు. రాగానే కుర్చీలో కూర్చుని మౌస్ నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, "ఇది 60లో నడుస్తోంది మామయ్యా" అన్నాడు.

"కాదురా, 144."

"డబ్బా మీద 144. విండోస్‌లో 60. కొన్నప్పట్నుంచీ ఎవరూ మార్చలేదు. పైగా నువ్వు పెట్టింది హెచ్‌డీఎంఐ కేబుల్, దీంట్లో దాంతో 100 దాకానే వస్తుంది. 144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేయాలి."

ఆ కేబుల్ డబ్బాలోనే వచ్చిందట. డబ్బా అటక మీద, బొమ్మల కొలువు పెట్టె వెనకాల ఉంది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, కేబుల్ మార్చాం. వాడు గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్ తెరిచి, 144 మీద నొక్కి, మౌస్ నా చేతికిచ్చాడు. అటూ ఇటూ కదిపి చూశాను. అబ్బ! ఎంత తేడా! ఇన్నాళ్లూ కళ్లకు గంతలు కట్టుకుని బతికినట్టు అనిపించింది. ఆ మాటే వాడితో అన్నాను.

"మామయ్యా, నేనింకా అప్లై నొక్కలేదు" అన్నాడు.