టార్ బ్రౌజర్: సంతకం సరిచూశాకే నడపండి

మన గుర్తింపు బయటపడకుండా వెబ్‌సైట్లు చూడటానికి వాడే టార్ బ్రౌజర్ గురించి నేను ఒక వ్యాసం చదివాను. లినక్స్‌లో దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ఫైలును విప్పి నేరుగా నడుపుకోవచ్చని ఆ వ్యాసంలో చెప్పిన పద్ధతి సరైనదే కానీ, మధ్యలో ఉండవలసిన ముఖ్యమైన మెట్టు అందులో కనిపించలేదు. ఈ బ్రౌజర్‌ను తయారుచేసే టార్ ప్రాజెక్ట్ తన సైటులో ఇన్‌స్టాలేషన్ ఫైలుతోపాటు, అది తమదేనని తెలిపే డిజిటల్ సంతకాన్ని కూడా విడి ఫైలుగా ఉంచుతుంది. ఆ రెండింటినీ ఒకే ఫోల్డరులో పెట్టుకుని, సంతకాన్ని సరిచూడటానికి డెవలపర్లు అందరికీ అందుబాటులో ఉంచే పబ్లిక్ కీని తెచ్చుకుని, జీపీజీ అనే ప్రోగ్రాముతో సరిచూస్తే, మనకు అందిన ఫైలును దారిలో ఎవరూ మార్చలేదని తేలుతుంది. నేను తొలిసారి ఈ పని చేసినప్పుడు, 'గుడ్ సిగ్నేచర్' అన్న మాట కిందనే ఆ కీకి నమ్మకమైన ధ్రువీకరణ లేదన్న హెచ్చరిక కనిపించి కంగారుపడ్డాను. ఆ కీని మనం స్వయంగా ధ్రువీకరించలేదని మాత్రమే దాని అర్థం కనుక, ఆ కీ ఫింగర్‌ప్రింట్‌ను (దాన్ని గుర్తించే అక్షరాలు, అంకెల వరుసను) టార్ ప్రాజెక్ట్ పేజీలో ఇచ్చిన దానితో అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి.

ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు జతచేసే చిన్న ప్రోగ్రామును) చేర్చమన్న ఆ వ్యాసంలోని సూచనతో మాత్రం నేను ఏకీభవించలేను. ఈ బ్రౌజర్ వాడేవారందరూ వెబ్‌సైట్లకు వీలైనంత వరకు ఒకేలా కనిపించాలన్నదే దాని రూపకల్పనలోని ఉద్దేశం. విండోను పెద్దది చేసినప్పుడు పేజీ చుట్టూ ఖాళీ అంచు మిగలడం కూడా, తెర కొలతను బట్టి మనల్ని గుర్తుపట్టకుండా చేసిన ఏర్పాటే. అదనంగా ఒక్క ఎక్స్‌టెన్షన్ చేరినా ఆ గుంపులో మనం విడిగా కనిపించే ప్రమాదం ఉంది.