మడి కట్టుకున్న తుపాకి: ఒరిజినల్ ఫినిష్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒరిజినల్ ఫినిష్ గారి దివ్య సముఖమునకు,

న్యూయార్క్ రాష్ట్రంలో, సిరక్యూస్ నగరానికి చేరువలో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా భార్యాపిల్లలూ, నూరేళ్ళు దాటిన మా ఎల్.సి. స్మిత్ జంట గొట్టాల తుపాకీ క్షేమంగానే ఉన్నాము. ఆ తుపాకి మీద తమరు మాత్రం క్షేమంగా లేరని, తమరు తరిగిపోవడంలో నా చేతి చెమటకు కూడా కొంత వాటా ఉందని, ఒక పెద్దమనిషి నిండు తుపాకుల సంతలో నన్ను నిలదీసినందువల్ల ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

తమరి పేరు వినని పాఠకులు చాలామంది ఉంటారు కనుక, తమరంటే పాత తుపాకి మీద కార్ఖానాలో పడ్డ తొలి రంగూ మెరుగూ అని చెప్పి, ముందుగా తమరి వంశాన్ని పరిచయం చేయడం మర్యాద. పాత అమెరికన్ డబుల్ బ్యారెల్ తుపాకులలో పేరు నిలిచినవి అయిదారే. కనెక్టికట్‌లోని మెరిడెన్‌లో పుట్టి, 1934లో రెమింగ్టన్ వారి చేతికి చిక్కి, తర్వాత ఇలియన్ ఊరికి తరలిన పార్కర్ వాటిలో పెద్దది. ఫిలడెల్ఫియాలో మొదలై యుటికాకు వలస వచ్చిన ఫాక్స్, సిరక్యూస్‌లో లెఫీవర్, ఇథకాలో ఊరి పేరే పెట్టుకున్న ఇథకా, సిరక్యూస్‌లో పుట్టి ఫుల్టన్‌లో పెరిగిన మా ఎల్.సి. స్మిత్, చివరగా 1931లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 21 కూర్చుంటే పంక్తి నిండుతుంది. వీటిలో చాలావాటి పుట్టిల్లో మెట్టినిల్లో మా ఇంటి నుంచి కారులో ఒక పూట ప్రయాణం. ముందు పిడిని వెనక్కి లాగి తూటా మార్చే ఒంటి గొట్టపు పంప్ తుపాకులు చవకగా వస్తున్నప్పుడు ఆకురాయితో గంటల తరబడి అరగదీసి అతికించే జంట గొట్టాలు గిట్టుబాటు కావు కనుక, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకే దాదాపు ఈ కార్ఖానాలన్నీ వాటికి మంగళం పాడేశాయి. కార్ఖానాలు పోయినా, పాత తుపాకులు సేకరించేవారిలో తమరి పూజ మాత్రం నిలిచింది.

ఇక తమరి జన్మవృత్తాంతం. గొట్టాలను, కర్రను కలిపి పట్టుకునే ఇనుప చట్రం మెత్తని లోహంతో చేసినది కావడం వల్ల, దాని పైపొరను గట్టిపరచడానికి ఆ కాలపు పనివారు దాన్ని ఎముకల బొగ్గు, కర్ర బొగ్గు దట్టించిన పెట్టెలో మూసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా చల్లటి నీటిలో గుమ్మరించేవారు. బొగ్గులోని కార్బన్ పైపొరలోకి ఎక్కి అది గాజులా గట్టిపడేది, లోపలి లోహం మాత్రం పెళుసుబారకుండా మెత్తగా ఉండేది. వారికి కావలసింది ఆ గట్టిదనమే. నీటిలో పడిన క్షణాన లోహం మీద మబ్బుల్లా కమ్ముకున్న నీలం, బూడిద, గడ్డిపసుపు, గోధుమ వన్నెలు ఆ పనికి వెంట వచ్చిన కొసరు. ఆ కొసరే తమరు. ఎండ తగిలితే వెలుస్తారు, చేయి తగిలితే కరుగుతారు. అందులోనూ మనిషి తుపాకిని మోసేటప్పుడు అరచేయి ఎక్కడ పడుతుందో, సరిగ్గా ఆ చట్రం అడుగుభాగాన మొదట మాయమవుతారు.

మా నాయనమ్మ మడిబట్ట దండెం మీద ఆరుతుంటే ఇంట్లో ఎవరూ దాని ఛాయలకు పోకూడదు. దించవలసి వస్తే కర్రతో దించాలి. నన్ను నిలదీసిన ఆ పెద్దమనిషి తన పార్కర్‌ను తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుని పెట్టెలోంచి తీసినప్పుడు నాకు ఆ దండెమే కళ్ళకు కట్టింది. ఆయన దానిలో తమరు తొంభై అయిదు శాతం మిగిలి ఉన్నారట. ఈ శాతాలు ఎలా లెక్కగడతారో నాకు ఇప్పటికీ బోధపడలేదు కాని, పదో తరగతి మార్కుల్లా వాటిని చెప్పుకోవడంలో ఉండే ఆనందం మాత్రం తెలుస్తోంది. అది ఎలా పేలుతుందని అడిగితే, ఎన్నడూ కాల్చలేదని, తన ముందు యజమాని కూడా కాల్చలేదని ఆయన గర్వంగా చెప్పారు. గొడ్ల ఎముకల బొగ్గులో పుట్టిన తమరికి ఇంత మడి ఎక్కడ అబ్బిందని అడగడానికి మా నాయనమ్మ ఇప్పుడు లేదు కనుక ఆవిడ తరఫున నేను అడుగుతున్నాను.

నా తుపాకి సంగతి మనవి చేసుకుంటాను. పాడిపశువులను అమ్మేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పొరుగు రైతు వద్ద దీన్ని కొన్నాను. స్మిత్ రకాలన్నిటిలో తక్కువ మెట్టుదైన ఫీల్డ్ గ్రేడ్ ఇది. ఆయన తాతగారి కాలం నుంచి పశువుల కొట్టం తలుపు వెనుక నిలబడి, శీతాకాలం ముందు బాతులను, కుందేళ్ళను వంటింటికి చేర్చింది. చట్రం అడుగున తమరి జాడ బొత్తిగా లేదు. మూడు తరాల అరచేతులు రుద్ది రుద్ది అక్కడ పాత వెండి గిన్నెలా నున్నగా చేశాయి. కొనేముందు గొట్టాలను విప్పి, కొక్కెం దగ్గర వేలికి తగిలించి, గోటితో మీటాను. కుండల దుకాణంలో మన ఆడవాళ్ళు కుండను తట్టి చూసినట్టే. ఖంగుమని మోగితే రెండు గొట్టాలనూ కలిపే పట్టీల టంకం గట్టిగా ఉన్నట్టు, బొద్దుమంటే ఎక్కడో ఊడినట్టు. ఇది గుడిగంటలా మోగింది. సంతలోని వర్తకుడు మాత్రం మోత వినలేదు, అడుగు చూసి సగం ధర అన్నాడు. పని చేసిన ప్రతి ఏడాదికీ ఇంత అని జీతంలో కోత పెట్టే యజమానిని నేను అంతకుముందు చూడలేదు.

పని చేసినవారందరికీ ఈ కోత ఉందని కూడా అనలేము. 1909లో అధ్యక్ష పదవి నుంచి దిగి ఆఫ్రికా వేటకు బయలుదేరిన థియొడర్ రూజ్‌వెల్ట్ వెంట, ఆన్స్‌లీ ఫాక్స్ బహూకరించిన తుపాకి ఒకటి వెళ్ళింది. ఎండ, దుమ్ము, చెమట అన్నీ తిని తిరిగి వచ్చిన ఆ తుపాకి 2010లో వేలానికి వస్తే 8,62,500 డాలర్లు పలికింది. దాని మీది గీతలు చరిత్ర, మా రైతు తాతగారి తుపాకి మీది గీతలు నష్టం. ఇద్దరి చెమటలోనూ ఉప్పు ఒకటే కదా మహాప్రభూ! జారు చక్రవర్తి రెండో నికొలస్ కోసం తయారైన పార్కర్ ఏ-1 స్పెషల్ అయితే మొదటి ప్రపంచ యుద్ధం అడ్డుపడి ఆయనకు చేరనే లేదు. యజమాని ముట్టుకోకుండానే మిగిలిపోయిన తుపాకి కన్నా తమరికి నచ్చే భక్తుడు ఇంకెవరుంటారు?

మరమ్మతు విషయంలో తమరి శాస్త్రం ఇంకా విచిత్రం. స్మిత్ తుపాకిలో గుర్రం (తూటాను పేల్చే సుత్తి), స్ప్రింగు మొదలైన కాల్పు సరంజామా అంతా రెండు పక్కల రెండు పలకల మీద అమర్చి, ఆ పలకలను వాల్‌నట్ కర్రలోకి దింపుతారు. చూడడానికి ఇంతకన్నా అందమైన ఏర్పాటు లేదు కాని, పలకల కోసం తొలిచాక అక్కడ మిగిలే కర్ర బహు కొంచెం. పేల్చిన ప్రతిసారీ లోహం వెనక్కి తన్నుతుంది, పలక కొస కర్రను పొడుస్తుంది. దీనికి తోడు తరతరాల యజమానులు ధారాళంగా నూనె పోసి మూల నిలబెట్టడం వల్ల ఆ నూనె కిందికి దిగి కర్రను మెత్తబరుస్తుంది. పలక వెనుక సన్నని చీలిక లేని స్మిత్ కనబడితే అది ఎక్కువగా కాల్చనిదని అనుమానించవచ్చు. నా దానికి రెండు పక్కలా చీలికలున్నాయి. ఎవరో పూర్వపు మరమ్మతుదారు వాటికి వైద్యంగా ఒక ఇత్తడి మేకు దిగగొట్టి చేతులు దులుపుకున్నాడు.

సరైన వైద్యం ఓర్పుతో కూడినది. ముందు మరలు విప్పాలి; అక్కడే సగం మంది పరువు పోతుంది. ఆ కాలపు మర తలమీది గాడి కాగితం పట్టేంత సన్ననిది. బజారు స్క్రూడ్రైవర్ దానిలో దూరదు, బలవంతంగా దూర్చితే గాడి పెదవులు చిట్లి, ఆ గాయం తుపాకి ఉన్నంత కాలం సాక్ష్యం చెబుతుంది. ప్రతి మరకూ సరిపోయేలా ఒక్కో కొనను రాతి మీద అరగదీసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. తర్వాత అసిటోన్‌తో, సుద్దపొడితో కర్రలోని నూనెను రోజుల తరబడి పీల్చి, చీలికలలోకి జిగురు ఎక్కించి, కట్టి ఉంచి, చివరికి పలకల వెనుక కొస కర్రను తాకకుండా గోటి మందమంత సందు తీశాను. ఇక లోహం తన్నినా ఆ కొస పొడవదు. సంతలోని పెద్దమనిషి భూతద్దంతో ఆ సందును కనిపెట్టి, చీలిక అలాగే ఉంటే నిజాయితీగా ఉండేదని, నేను దాన్ని చెడగొట్టానని తీర్పు చెప్పారు. విరిగిన కాలుతో కుంటడం నిజాయితీ, కట్టు కట్టించుకోవడం మోసమన్నమాట. మెరిడెన్‌లోని పార్కర్ కార్ఖానా వారే, అరిగిన తుపాకిని పెట్టెలో పెట్టి పంపితే కొత్త రంగు, కొత్త మెరుగు పెట్టి తిప్పి పంపేవారని నేను మనవి చేసుకున్నాను. కార్ఖానా చేస్తే అది వేరు అన్నారు. వేరే.

తూటాల దగ్గర తమరు నన్ను పూర్తిగా ఇరకాటంలో పెట్టారు. ఆ కాలపు పన్నెండు బోరు తుపాకులలో చాలావాటి తూటా గది రెండు అంగుళాల అయిదు ఎనిమిదవ వంతుల పొడవుది. నేటి తూటా పేలి విచ్చుకున్నాక రెండుముప్పావు. గదిని కాస్త పొడిగిస్తే తమరి మడి మైలపడుతుంది, పొడిగించకపోతే తక్కువ ఒత్తిడి పొట్టి తూటాలను వెతికి కొనాలి లేదా చేత్తో నింపుకోవాలి. గొట్టం గోడ ఎక్కడ ఎంత పలచబడిందో పనివాడి చేత కొలిపించకుండా ఒక్క తూటా కూడా పెట్టకూడదన్నది తమరి శాస్త్రంలో లేదు కాని, నా శాస్త్రంలో అదే మొదటి సూత్రం. మీదుమిక్కిలి 1991 నుంచి ఈ దేశమంతటా బాతుల వేటలో సీసపు గుళ్ళు నిషిద్ధం. వాటి స్థానంలో వచ్చిన ఉక్కు గుళ్ళు పాత గొట్టాల బిగువు మూతులకు పనికిరావు. బిస్మత్ అనే లోహపు గుళ్ళు మెత్తనివే కాని వాటి ధర చూస్తే బాతును సంబంధం మాట్లాడి ఇంటికి పిలుచుకోవడమే చవక.

రాజమండ్రిలో ఉన్న మా బాబాయికి ఫోనులో ఇదంతా వివరించాను. ఆయనకూ ఒక లైసెన్సు తుపాకి ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకుంటారు. అంతా విని, "మాది ఎన్నికలప్పుడే మూల పడుతుంది, మీవాళ్ళది ఏడాది పొడుగునా పడుతుందన్నమాట" అన్నారు.

అసలు తమరిని సృష్టించినవారికే తమరి మీద ఇంత భక్తి లేదు. ఛార్లెస్ పార్కర్ కాఫీ గింజలు విసిరే మిల్లులతో వ్యాపారం మొదలుపెట్టినవాడు. ఆన్స్‌లీ ఫాక్స్ తన పేరిటి తుపాకి కంపెనీని వదిలి కార్లు తయారుచేయబోయాడు. లైమన్ కార్నీలియస్ స్మిత్ 1880ల చివర్లో తుపాకి వ్యాపారాన్ని హంటర్ సోదరులకు అమ్మేసి టైప్‌రైటర్లలోకి దిగి, తుపాకుల కన్నా వాటితోనే ఎక్కువ గణించాడు. ఫుల్టన్ కార్ఖానాలో 1949 జనవరిలో యంత్రాల బరువుకు అంతస్తు కూలింది, మరుసటి ఏటికి స్మిత్ తయారీ ఆగింది. తుపాకి అమ్ముడుపోయి పని చేస్తే చాలుననుకున్న ఈ మనుషుల్లో ఒక్కడైనా, తన సరుకును నూరేళ్ళ తర్వాత చేతితొడుగులతో ఎత్తుతారని కలగని ఉంటాడా?

తమరికి నేను శత్రువును కానని కూడా చెప్పుకోవాలి. కడిగిన పార్కర్ చట్రం మీద తమరిని ఎండలో మొదటిసారి చూసినప్పుడు, తొలకరికి ముందు గోదావరి మీద మబ్బు కమ్మినట్టుందని నిలబడిపోయిన మాట నిజం. తమరిని కొత్తగా వేయించమని కొందరు సలహా ఇచ్చారు. చట్రాన్ని మళ్ళీ కొలిమిలో పెడితే అది వంకరపోయే ప్రమాదముంది, పైగా ఆ రైతు తాతగారి అరచేతిని చెరిపేసే హక్కు నాకు లేదు. వేయించను. అలాగని దాచిపెట్టను కూడా. గత ఆదివారం మైదానంలో, గురి కోసం గాలిలోకి విసిరే మట్టి పిట్టల మీద దీన్ని కాల్చాను. పేరుకు మట్టి పిట్టలే కాని అవి సున్నపురాతి పొడి, తారు కలిపి పోసిన పళ్ళేలు. ముందు ట్రిగ్గర్ నొక్కితే కుడి గొట్టం, వెనుకది నొక్కితే మూతి బిగువైన ఎడమ గొట్టం. ఏది కావాలో వేలే తేల్చుకుంటుంది. ఆ కాలపు కర్ర వంపు ఎక్కువ కనుక నా దవడకు ఇప్పటికీ నొప్పి. ఇరవై అయిదింట పదిహేడు పగిలాయి. పలకల వెనుక చీలిక వెంట్రుకవాసి కూడా కదలలేదు.

ఇట్లు,
తమరి మడి చెరిపిన విధేయుడు.

తా.క.: పై మీట కింద, గొట్టాలు తెరిస్తే తప్ప కనబడని మూలలో, చింతగింజంత మేర తమరు ఇంకా నీలంగా మిగిలి ఉన్నారని రాత్రి దీపం వెలుతురులో చూశాను. అక్కడికి ఎవరి చేయీ చేరదు. ఉండండి.