గుజ్జు అరిగిపోయిందిట!

మోకాలి గురించి మన తెలుగువాళ్లకి తెలిసిన పదం ఒకే ఒక్కటి, గుజ్జు. మామిడిపండులో ఉంటుంది, చింతపండులో ఉంటుంది, మోకాల్లో ఉంటుంది. మొదటి రెండూ తింటే అయిపోతాయి, మూడోది నడిస్తే అయిపోతుంది, కాబట్టి బుద్ధున్నవాడెవడూ నడవకూడదు. మన ఎముకల వైద్యశాస్త్రం ఇంతటితో సమాప్తం.

నాది గుజ్జు కేసు కాదు మొర్రో అని ఏడాదిగా చెప్తున్నా. నిరుడు ఆఫీసువాళ్లతో టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్ ఆడుతూ, లేని రెండో పరుగు కోసం వెనక్కి తిరిగితే నేను మొత్తం తిరిగా గానీ పాదం ఒక్కటీ తిరగలేదు, టప్పుమంది, ఏసీఎల్ తెగింది. అది లిగమెంటు, తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచే తాడు. తొడ వెనక నుంచి కాస్త ముక్క తీసి కొత్త తాడు పేని పెట్టారు. ఇదంతా ఓపిగ్గా, చేతులు తిప్పి, కావాలంటే కండువాతో డెమో ఇచ్చి మరీ చెప్తే అవతలి మనిషి అంతా విని, తలూపి, జాలిగా అంటాడు: "అంతే బాబూ, గుజ్జు అరిగిపోతే అంతే."

ఆపరేషన్ అయ్యాక పరుగు మూడు నాలుగు నెలల తర్వాతే, అదీ వాపు లేకుండా, కాలు పూర్తిగా చాపగలిగి, తొడలో బలం వచ్చాకే. గిరుక్కున తిరిగే ఆటలకి కనీసం తొమ్మిది నెలలు. నాకు అయిదో నెల దాటాక మా ఫిజియో అమ్మాయి పర్మిషన్ ఇచ్చింది, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిది సార్లు, మర్నాడు పొద్దున వాపొస్తే ఒక మెట్టు కిందకి. సరే అని కాలనీ పార్కుకి వెళ్లా. అక్కడ బెంచీ ఉంది. బెంచీ మీద నలుగురు ఉన్నారు.

మా పార్కు చిన్నది, రౌండుకి మూడు నిమిషాలు పడుతుంది, అంటే సరిగ్గా బెంచీ దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్ టైమర్ బీప్ కొడుతుంది, నేను పరుగు ఆపి నడక మొదలెడతా. ఇది ఫిజియో ప్లాన్ అని వాళ్లకి తెలీదు కదా. "ఆగిపోయాడు చూశావా, పట్టేసింది" అని ఒకాయన. రెండో రౌండు, మళ్లీ అక్కడే బీప్, మళ్లీ నడక. "పాపం చిన్న వయసు" అని ఇంకొకాయన. ఎనిమిదో రౌండుకి నా భార్యాపిల్లల భవిష్యత్తు గురించి చర్చ నడుస్తోంది. ఆ బీప్ బీపీ మిషన్‌ది అని కూడా తేల్చేశారు.

రెండు వారాలు "ఆ ఎమ్మారై ఒకసారి తీసుకురా బాబూ" అని పోరు పెడితే ఓ ఆదివారం తీసుకెళ్లా, తప్పు నాదే. సూర్యుడికి ఎదురుగా ఫిల్ము పట్టుకుని కౌన్సిల్ కూర్చుంది. ఇరిగేషన్‌లో చేసి రిటైరైన ఆయన చూపుడువేలు పెట్టి, "ఈ తెల్లగా ఉందే, ఇదంతా నీరు. సీపేజీ. గట్టు ఎక్కడో వీకైంది, రివిట్‌మెంట్ చెయ్యకుండా వదిలేశారు" అన్నాడు (ఆ తెలుపు నిజంగానే నీరు, ఆ మాట ఒప్పుకోవాలి). ఆర్టీసీ డిపోలో చేసినాయన, "కాదు కాదు, క్లచ్ ప్లేటు అరిగింది, ఈ బండి ఇంక ఘాట్ రోడ్డు ఎక్కదు" అన్నాడు. బ్యాంకాయన ఇంకా గంభీరంగా, "గుజ్జు అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకో బాబూ, నువ్వు పరిగెత్తే ప్రతి అడుగూ విత్‌డ్రాయలే, డెబ్బయ్యో ఏట ఏం తింటావు?" అన్నాడు. అది ఆపరేషన్‌కి ముందు తీసిన ఫిల్మండీ, ఇప్పుడు లోపల అలా లేదండీ అంటే ఎవడికి కావాలి. నాలుగో ఆయన ఒక్కడే, రెండు మోకాళ్లూ మార్పించుకున్నాయన, "ఇంతకీ ఫిజియో ఏమంది?" అని అడిగాడు. మిగతా ముగ్గురూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు: "నువ్వూరుకోవయ్యా, నీకు గుజ్జే లేదు!"

తీర్పు వెంట మందులూ వచ్చాయి. రాత్రి బెండకాయలు చీల్చి నానబెట్టిన నీళ్లు, తుమ్మకాయల పొడి, నల్లేరు పచ్చడి, ఇంకా నేను తింటానని తెలిసి చెవిలో రహస్యంగా పాయా. సిద్ధాంతం ఏంటంటే జిగురుగా ఉన్నది ఏది మింగినా అది పొట్టలో ఎక్కడా ఆగకుండా డైరెక్టుగా మోకాల్లో దిగుతుంది. నల్లేరు మీద నాకు వ్యక్తిగతంగా కోపం లేదు, బాగా వేయించి నువ్వులేసి నూరితే రెండు ముద్దలు ఎక్కువే తింటా.

ఇక జిమ్ము. ఇక్కడ గోడ మీద పులి బొమ్మ, కింద నొప్పి లేనిదే కండ లేదని రాత. ట్రైనర్ కుర్రాడికి ఏసీఎల్ అన్న మాట వినగానే పులి పారిపోయింది. "అన్నా, మీకు లెగ్స్ వద్దన్నా, ఓన్లీ అప్పర్ బాడీ కొట్టేద్దాం." ఒరేయ్ తమ్ముడూ, మోకాలిచిప్ప పైన పదిహేను సెంటీమీటర్ల దగ్గర టేపు పెడితే ఆపరేషనైన తొడ రెండోదానికంటే మూడు సెంటీమీటర్లు సన్నగా ఉంది, నేను వచ్చిందే దానికోసం, భుజాలతో పరిగెత్తనా? స్క్వాట్ చేస్తుంటే పరిగెత్తుకొచ్చి, "అన్నా మోకాలు కాలివేళ్లు దాటుతోందన్నా!" అని కేక. మెట్లు దిగేటప్పుడు నీ మోకాలూ దాటుతుందిరా నాయనా, లిఫ్టులో పుట్టావా. ఇతగాడి మాట విని ఏడాది చేస్తే పైన భీముడు, కింద కొంగ.

అసలు ఈ గుజ్జుకి రక్తనాళాలు లేవు. స్పాంజిలాగా బరువు పడినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుంటుంది, దాని తిండే అది. అంటే కదలకుండా కూర్చోబెట్టి దాచుకుందాం అంటే పస్తు పెట్టడమే. 2017లో పాత స్టడీలన్నీ కలిపి లెక్కేస్తే మామూలుగా సరదాకి పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్లరిగినవాళ్లు 3.5 శాతం, పరిగెత్తకుండా కూర్చున్నవాళ్లలో 10 శాతం పైన. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13 శాతం, అదీ నిజమే, కానీ మా పార్కులో ఒక నిమిషం పరిగెత్తి బీప్‌కి ఆగేవాణ్ణి చూసి ఒలింపిక్స్ అనుకునే ప్రమాదం ఎవరికీ లేదు.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పా. మా అమ్మ సంగతి దగ్గర నాకు నవ్వు రాదు.

అమ్మకి 52 ఏళ్లప్పుడు మోకాళ్లు నొప్పంటే ఒక డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రే లైటుకేసి పట్టి, అమ్మ మొహం కూడా చూడకుండా, "గుజ్జు అరిగింది, కింద కూర్చోవద్దు, మెట్లెక్కొద్దు, బరువు తగ్గండి, నెక్స్ట్." కదలకుండా బరువు ఎలా తగ్గుతారో అడిగేలోపు నెక్స్ట్ వచ్చేశాడు. అమ్మ మాట వినే మనిషి. ముగ్గు మానేసింది. డాబా మీద వడియాలు పెట్టడం మానేసింది. అలిపిరి 3,550 మెట్లు మూడుసార్లు ఎక్కిన మనిషి మా ఇంటి నాలుగు మెట్లకి గోడ పట్టుకోవడం మొదలెట్టింది. పన్నెండేళ్లు! పన్నెండేళ్లలో ఒక్క వెధవ, నాతో సహా, అమ్మా తొడలో బలం పెంచుకోవాలి, ఇదిగో ఇలా చెయ్యి అని చెప్పలేదు. పనికిమాలిన రెండో పరుగుకి కాలు విరగ్గొట్టుకున్న నాకేమో కంపెనీ ఇన్సూరెన్సు, ఫిజియో, రంగురంగుల రబ్బరు బ్యాండ్లు, వారం వారం చార్టు. ముప్పయ్యేళ్లు మా అందరికీ నిలబడి వండిపెట్టిన ఆవిడకేమో "నెక్స్ట్"! నేనేం చేశా? డాలస్ నుంచి వచ్చే ఫ్రెండు చేత కీళ్లకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల డబ్బాలు తెప్పించి కొడుకుగా నా పనైపోయిందనుకున్నా. ఆ అమెరికాలోనే 1,583 మంది మీద పెట్టి చూస్తే మొత్తమ్మీద ఉత్తుత్తి మాత్ర కంటే పెద్దగా ఒరగబెట్టలేదని 2006లోనే తేలిందిట, నాకు తెలిసేసరికి పదిహేను డబ్బాలు అయ్యాయి. బెంచీ మీద నలుగురు అన్నాగా, అయిదో సీటు నాదే.

రెండు నెలల క్రితం ఫిజియో అమ్మాయిని ఇంటికి పిలిచా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నెమ్మదిగా కూర్చోవడం, అంతే మొదటి పాఠం. మొదటిరోజు మూడు. మూడోదానికి అమ్మ నన్ను బూతు ఒక్కటి తప్ప అన్నీ తిట్టింది. మొన్న సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర చేస్తుంటే పక్కింటి ఆంటీ పెరుగు తోడుకి గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ వయసులో ఇవన్నీ ఎందుకు వదినా, ఉన్న కాస్త గుజ్జూ పోతుంది."

అమ్మ సగం లేచి ఉంది, తొడలు వణుకుతున్నాయి.

"పన్నెండేళ్ల కిందటే పోయిందన్నారుగా, ఇంకా పోయేదేముంది? ఉండు, లెక్క తప్పించకు. ఏడు."