పొగ బొక్క, నీళ్ల బొక్క

మా బావది ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. చేపలు పట్టే పడవకు తెడ్డు వేసి వేసి భుజాలు పోతున్నాయని పోయిన మాఘమాసంలో ఒక పాత పడవ మోటరు కొన్నాడు. 8 హార్స్‌పవర్, టూ స్ట్రోక్. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. అమ్మినవాడు దాన్ని ఏడాదిగా కొట్టంలో గోడకు ఆనించి ఉంచాడట. తెచ్చి తాడు లాగితే మూడోసారికే స్టార్టయిందట. అయినా బావ నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, మోటరు నీళ్లు పోస్తలేదురా. నువ్వు సదువుకున్నోనివి, వచ్చి సూడు."

నేను హనుమకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ చెబుతాను. ఒకసారి అక్క వాళ్లింట్లో మిక్సీ బాగుచేసినందుకు నాకీ ఇంజనీరు హోదా వచ్చింది. ఆ మిక్సీకి ప్లగ్గు సరిగ్గా పెట్టలేదు, అంతే. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

శనివారం రాత్రి మంచం మీద పడుకుని నాలుగు వీడియోలు చూశాను. ఈ మోటరుకు ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ఉండదు. కింద, పడవను తోసే పంకాకు పైన ఉన్న జల్లెడ లాంటి చోటు నుంచి నది నీళ్లనే లాక్కుంటుంది. లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఆ నీళ్లను పైకి తోస్తే, అవి ఇంజన్ చుట్టూ తిరిగి, పొగతో కలిసి కిందికి దిగి, పంకా మధ్యలోంచి నదిలోకే పోతాయి. అందులో కాసిన్ని మాత్రం వెనక ఒక చిన్న బొక్కలోంచి ధారగా బయటికి వస్తాయి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం కదా, ఆ ధార అలాంటి మెతుకు. పడవ నడిపేవాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు. "ఉచ్చ పోస్తుందా, లేదా?" అని అడుగుతారు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి బావ అంతా సిద్ధం చేసి ఉంచాడు. ఎడ్లను కట్టే రెండు గుంజల మధ్య దూలం బిగించి, దానికి మోటరు తగిలించాడు. కింద అక్క నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము, 200 లీటర్లది. మోటరు కాలు, అంటే పంకా ఉండే కింది భాగం, జల్లెడతో సహా నీళ్లలో మునగాలి. పొడిగా తిప్పితే రబ్బరు రెక్కలు క్షణాల్లో కాలిపోతాయి. అది నేను చెప్పబోయేలోపే బావకు తెలుసు. నాకు కొంచెం నిరాశ కలిగింది.

తాడు లాగాడు. స్టార్టయింది. వెనక వైపు ఒక బొక్కలోంచి పొగతో పాటు తుంపర్లు పడుతున్నాయి.

"వస్తున్నయి గద బావా నీళ్లు!" అన్నాను.

"అది పొగ బొక్కరా. నీళ్ల బొక్క ఇటుంది."

ఆయన చెప్పిందే నిజం. మోటరు మెల్లగా తిరిగేటప్పుడు కింద నీళ్లను తోసుకుని బయటపడేంత బలం పొగకు ఉండదు. అందుకని నీటి మట్టానికి పైన దానికి ఇంకో దారి పెడతారు. పొగ పోతూ పోతూ నాలుగు చుక్కలు ఉమ్ముతుంది. నీళ్ల బొక్క మాత్రం ఎండిపోయి ఉంది.

ఇంతలో మా అక్క చేయి తుడుచుకుంటూ వచ్చి, మోటరు నెత్తిమీద చేయి పెట్టింది. "గోరువెచ్చగనే ఉంది గద. లోపలికి నీళ్లు పోకుంటే కాలాలె గద తమ్మీ?"

ఇక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

"అక్కా, ఇది అన్నం గిన్నె కాదు," అన్నాను. బావ కూడా తలూపాడు. పంపు చక్రం పోయిందని ఇద్దరం తీర్మానించాం.

కింది కాలు విప్పడానికి గంట పట్టింది. బోల్టులు ఐదు, వాటిలో ఒకటి మంచం కిందికి దొర్లింది. గేరు కడ్డీ విడదీశాం. చక్రం బయటికి తీశాం. ఆరు రెక్కలూ పచ్చి చింతకాయల్లా వంగి, వదలగానే లేస్తున్నాయి. పగులు లేదు, చీలిక లేదు.

"మంచిగనే ఉంది గదరా?"

"పైకి అట్లనే కనబడ్తది బావా."

ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. చక్రానికి కాస్త గ్రీజు రాసి, మళ్లీ అక్కడే పెట్టాం. నేను చక్రం చూస్తున్నంతసేపూ బావ ఊరికే ఉండలేక పంకాను తిప్పుతూ, గేరు కడ్డీని పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నాడు. అలా ఎప్పుడో కింద గేరు పడింది. బిగించేటప్పుడు మేమిద్దరం చూసింది మాత్రం పైన లివరునే. లివరు న్యూట్రల్‌లోనే ఉంది.

బావ తాడు లాగాడు.

డ్రమ్ములో నీళ్లు ముందు సుడి తిరిగాయి. తర్వాత డ్రమ్మే తిరిగింది. గుంజలు కిర్రుమన్నాయి. నల్లటి నూనె నురగ లేచి మా ఇద్దరి ముఖాల మీద పడింది. ఆపే బటన్ ఎక్కడుందో నాకు తెలుసు, వీడియోలో చూశాను. కానీ కళ్లు కనిపిస్తే కదా! బావ గుడ్డిగా తడిమి ఎలాగో ఆపేసరికి డ్రమ్ము పక్కకు ఒరిగి, ఉన్న నీళ్లన్నీ వాకిట్లోకి పోయాయి. వాకిట్లో ఏడాది కారానికని అక్క ఆరబోసిన పది కిలోల మిరపకాయలున్నాయి. తొడిమలు తీసినవి. అవి ఒకదాని వెనక ఒకటి, నూనె రంగులు మెరుస్తున్న నీళ్లలో ఎర్రటి చిన్న చిన్న పడవల్లాగా మోరీ వైపు బయలుదేరాయి. ఆ రోజు మా ఇంట్లో తేలిన పడవలు అవే.

అక్క ఏమీ అనలేదు. చీపురు తెచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మిరపకాయలు ఏరుతూ నాకు రామప్ప చెరువు గుర్తొచ్చింది. గుడి శాసనం 1213 నాటిది, చెరువూ ఆ కాలందే. ఇప్పటికీ దాని నీళ్లతో పొలాలు పారుతున్నాయి. మాకేమో జానెడు గొట్టంలోంచి ధార రప్పించడం చేతకావట్లేదు.

ఊడుస్తూ ఊడుస్తూ అక్క మోటరు దగ్గర ఆగింది. ఎండిన ఆ నీళ్ల బొక్కలోకి వంగి చూసింది.

"గిది కుమ్మరి పురుగు మన్ను గద! మన తలుపు తాళం బొక్కల ఏటా గిట్లనే పెడ్తది."

చీపురు నుంచి ఒక ఈనె విరిచి బొక్కలో దూర్చి తిప్పింది. ఎర్రమట్టి ముద్ద ఒకటి రాలింది. దాని వెనక ఎండిపోయిన సాలెపురుగు కాలు. కొట్టంలో ఏడాది ఊరికే ఉన్న మోటరులో ఆ కుమ్మరి పురుగు హాయిగా కాపురం పెట్టింది. నీళ్లు లోపల సక్రమంగానే తిరుగుతున్నాయి, పొగతో కలిసి కిందికి పోతున్నాయి. మెతుకు వచ్చే దారి ఒక్కటే మూసుకుంది.

గేరు సరిచేసి, పక్కింటి డ్రమ్ము అడిగి తెచ్చాం. వాళ్లు మా ముఖాలు చూసి ఇవ్వడానికి కాసేపు ఆలోచించారు. ఈసారి తాడు లాగగానే ధార సన్నగా, సూటిగా, వెనక నిలబడి వంగి చూస్తున్న బావ లుంగీ మీద పడింది, సరిగ్గా పడకూడని చోట. అప్పుడే మోటరు చూద్దామని వచ్చిన ఊరి పెద్దమనిషి గేటు దగ్గరే ఆగిపోయి, "మోటరు మంచిగయిందన్నరు, నీకేమైందిరా?" అన్నాడు.

మొన్న దసరాకు వెళ్లాను. మోటరు బ్రహ్మాండంగా నడుస్తోంది. కాళ్లు కడుక్కుందామని చూస్తే డ్రమ్ము లేదు.

"మిద్దె మీద పెట్టిన," అంది అక్క. "నువ్వు బస్సెక్కినంక దించుత."