గరిజెలు మానేస్తే సరిపోతదా? చాయ్ లెక్క ఎవరు తియ్యాలె?

చక్కెర తగ్గించాలనుకున్నోళ్లు మా వరంగల్ దిక్కు ముందుగాల పడేది స్వీట్ల మీద. పండుగకు గరిజెలు ముట్టరు, పెళ్లిల జిలేబీ వద్దంటరు, ఇగ మానేసినం అని నలుగురికి చెప్పుకుంటరు, కానీ పొద్దున లేచిన కాన్నుంచి రాత్రి దాకా తాగే చాయ్ లెక్క మాత్రం ఎవ్వరూ తియ్యరు. పండుగలు ఏడాదికి ఎన్నొస్తయి? చాయ్ రోజూ ఉంటది కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015ల ఏం చెప్పిందంటే, రోజు మనం తినే మొత్తం క్యాలరీలల్ల విడిగా కలిపే చక్కెర, బెల్లం, తేనె, జ్యూస్‌ల తీపి అన్నీ కలిపి 10 శాతం లోపే ఉండాలె, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, ఆరు టీ స్పూన్లు. హన్మకొండ చౌరస్తాలనో కాజీపేట స్టేషన్ బయటనో తాగే చాయ్‌కి కప్పు చిన్నదే గానీ తీపి మాత్రం గట్టిగనే ఉంటది, కప్పుకు రెండు స్పూన్లు అనుకున్నా మూడు చాయ్‌లకే కోటా అయిపాయె, అదీ బిస్కెట్ ముంచుకోకుండ.

దీన్ని మనిషి పట్టుదల సమస్య అంటే నేనొప్పుకోను. బండి కాడ పాలు, చాయ్‌పత్తి, చక్కెర అన్నీ ఒక్క గిన్నెలనే మరుగుతుంటయి, తక్కువెయ్యి అన్నా అంటే ఆయన మాత్రం ఏం జేస్తడు. చుట్టాలింటికి పోతే ఇంకో కథ, "అక్కా, నాకు చక్కెర వద్దు" అన్నమో లేదో "అయ్యో, షుగరెప్పుడొచ్చింది?" అని మొదలైతది, ఆ సంజాయిషీ చెప్పుకునుడు కంటే తాగేసుడే నయమనిపిస్తది. అంటే షుగర్ వచ్చినోళ్లే తగ్గించాలె, మిగతావాళ్లకు అక్కర్లేదని మనం గట్టిగ ఫిక్సయిపోయినం. ఐసీఎంఆర్ అధ్యయనం 2023ల బయటకొచ్చినప్పుడు దేశంల షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల మంది అన్న వార్తే అందరూ చూసిన్రు, దాని పక్కనే ఉన్న 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ (షుగర్ రాకముందు దశ) వాళ్లను పెద్దగ పట్టించుకోలే. వాళ్లల్ల చాలామందికి ఒంట్ల ఏ తేడా తెల్వదు.

ఇగ బెల్లం. హైవే పొంటి ఎక్కడ చూసినా బెల్లం చాయ్ బోర్డులే, ఆరోగ్యం అని రాసుంటది. మేడారం జాతరల నిలువెత్తు బంగారమని బెల్లం తూకమేసి సమ్మక్క సారలమ్మలకిచ్చి, కొంత ఇంటికి తెచ్చుకుని వాడకట్టుకు పంచుతం చూడు, ఆ బెల్లంతోని నాకే పేచీ లేదు, అది రెండేండ్లకొకసారి వచ్చే భక్తి. రోజుకు నాలుగు సార్లు తాగే దాంతోనే నా పంచాయితీ. బెల్లంల ఎక్కువ భాగం చక్కెరే, క్యాలరీలు దాదాపు అంతే, ఐరన్ కొంచెం ఉంటది నిజమే గానీ చాయ్‌ల వేసే ముక్కతోని వచ్చేదెంత?

పిల్లల పాలల్ల కలిపే పొడులు కూడా ఇసొంటియే. బోర్న్‌విటా లాంటియి "హెల్త్ డ్రింక్" కేటగిరీల పెట్టొద్దని 2024ల కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సైట్లకు చెప్పాల్సొచ్చింది. డబ్బా ముందట బొమ్మ చూసే బదులు ఎనుక "యాడెడ్ షుగర్స్" లైన్ చదివితే చాలు.

అట్లని చక్కెరొక్కటే దొంగ కాదు. చాయ్‌ల చక్కెర మానేసి మూడు పూటలా కుప్పగ తెల్లన్నం తింటే షుగర్ ఉన్నోళ్లకు ఒరిగేది తక్కువే, డాక్టర్లు రోజూ చెప్పేదే ఇది.

మరి ఏం జెయ్యాలె అంటే, నా మటుకు మొత్తం బంద్ అనుడు దండగ. స్పూనులో పావు పావు తగ్గించుకుంట పోతే కొన్ని వారాలకు నాలుకకు అదే అలవాటైతది, పాత చాయ్ తాగితే పానకం లెక్క ఉంటది. దానికంటే ముందు చక్కెర గిన్నెల కలుపుడు బంద్ చేసి పక్కకు పెట్టుడు మొదలు కావాలె, అది ఆఫీసు మీటింగుల, ఫంక్షన్ హాళ్లల్ల పైసా ఖర్చు లేకుండ రేపే చెయ్యొచ్చు. సీబీఎస్ఈ 2025ల తన స్కూళ్లల్ల షుగర్ బోర్డులు, అంటే దేంట్ల ఎంత చక్కెరుంటదో రాసే బోర్డులు పెట్టుమన్నది, మంచిదే, కానీ మన దగ్గర సర్కారు బడి పిల్లలు ఎక్కువ మంది స్టేట్ సిలబస్సే కదా, వాళ్ల గోడల మీద కూడా ఆ బోర్డు రావాలె, అదే గోడ మీద స్టాఫ్ రూం చాయ్ లెక్క కూడా రాస్తే ఇంకా మంచిది.