వరద బోటుకు రిమోట్ సర్చ్‌లైట్ అవసరమా?

కర్నూలులో వరద సహాయ బోటుకు రిమోట్ సర్చ్‌లైట్ (సీటు దగ్గర నుంచే స్విచ్చితో ఏ దిక్కుకైనా తిప్పే పెద్ద లైటు) బిగించే విషయంలో బోటు డ్రైవరుకు, ఆటో ఎలక్ట్రీషియన్‌కు నడిచిన వాదం.

డ్రైవరు: చేతి లైటు ఉండగా ఇదెందుకప్పా? వరదలో దాన్ని తిప్పే గేరు ఇరుక్కుంటే లైటు ఆకాశాన్ని చూస్తా నిలబడతాది.

ఎలక్ట్రీషియన్: 2009 అక్టోబర్‌లో మాదిరి తుంగభద్ర ఊర్లోకొస్తే నీ చేతులు యాడుంటాయన్నా? ఒకటి టిల్లరు (బోటును తిప్పే పిడి) మీద, ఒకటి తాడు మీద. లైటు పట్టుకోను ఇంకో మనిషి బోటు ముక్కున, అంటే ముందు కొసన నిలబడాల. తెగిన కరెంటు తీగ, మునిగిన గోడ... ముందు దెబ్బ తగిలేది వానికే.

డ్రైవరు: అది నిజమే. కానీ లోపల గేర్లు ప్లాస్టిక్‌వి గదా?

ఎలక్ట్రీషియన్: చవక రకాల్లో అంతే. ఎవరన్నా లైటును చేత్తో తిప్పితే పళ్లు విరుగుతాయి. ఇనుప గేర్లది తీసుకో, ‘చేత్తో తిప్పొద్దు’ అని దాని మీదే పెయింట్‌తో రాయి. నెలకోసారి రిమోట్‌తోనే కుడి, ఎడమ, పైకి, కిందికి చివరిదాకా తిప్పి చూడు. కరకరమంటే పళ్లు అరిగినట్టే.

డ్రైవరు: పాత బోట్లో 100 వాట్ల లైటు దీపం మాదిరి వెలిగేది.

ఎలక్ట్రీషియన్: తప్పు లైటుది కాదు, వైరుది. 12 వోల్టులకు 100 వాట్లంటే 8 ఆంపియర్లు దాటుతాది. బ్యాటరీ వెనక, లైటు ముందర. దూరం 8 మీటర్లైతే పోను రాను 16. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరేస్తే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతాది, హాలోజన్ వెలుతురు మూడో వంతుకు పైగా తగ్గుతాది. 4 చదరపు మిల్లీమీటర్లదెయ్యి. రిలే (పెద్ద కరెంటును స్విచ్చి బదులు తాను మోసేది) పెట్టు, లేకుంటే స్విచ్చి కాలుతాది. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాల. 40 వాట్ల ఎల్‌ఈడీ అయితే మూడున్నర ఆంపియర్ల లోపే.

డ్రైవరు: వానలో తెల్ల వెలుతురు చినుకులకు తగిలి నా కండ్లల్లోకే కొడతాది. మళ్ల చీకటికి కన్ను అలవాటు పడను ఇరవై నిమిషాలు.

ఎలక్ట్రీషియన్: అందుకే నీ కంటికి దూరంగా, ముక్కు కొసన పెట్టాల. కిరణం డెక్‌కు (బోటు పై తలానికి) తగలకూడదు. లైటు వెనక డెక్‌కు మెరుపు లేని నలుపు వేయించు.

డ్రైవరు: వైర్‌లెస్ రిమోట్ నీళ్లల్లో పడితే?

ఎలక్ట్రీషియన్: లైటు తిప్పే స్విచ్చిల వైరు ప్యానెల్ నీ సీటు దగ్గరుంటాది. వైర్‌లెస్‌ది ముందరి మనిషికిస్తాం, మునిగే మనిషిని ముందు చూసేది వాడే.

డ్రైవరు: వాడొక దిక్కు, నేనొక దిక్కు తిప్పితే? బోటు నడిపేవాని చేతిలోనే లైటు ఉండాల. ప్యానెల్ బిగించు, ఆ వైర్‌లెస్‌ది మాత్రం నా బోట్లో ఒప్పుకోను.